క్లోజాపిన్ వాడే తమ్ముడు మాల వేసుకుని సిగరెట్లు మానేశాడు, పది రోజులకే మత్తు, చొంగ. ఎవరింట్లోనైనా ఇలా అయిందా?

గోదారక్క, రాజమండ్రి
శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. టెన్షన్‌లో రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

మా తమ్ముడికి 31 ఏళ్లు. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో స్కిజోఫ్రీనియా మొదలైంది. ముందు రిస్పెరిడోన్, తర్వాత ఒలాంజపిన్, రెండూ చెప్పినంత డోసులో చెప్పినన్ని నెలలు వాడాం. గోడ అవతల పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారన్న మాట మాత్రం పోలేదు. రెండున్నరేళ్ల క్రితం క్లోజాపిన్ మొదలుపెట్టారు. ఆరేడు నెలలకి మా తమ్ముడు మళ్లీ మాకు దక్కాడు. ఇప్పుడు నాన్నగారి కిరాణా కొట్లో కూర్చుని ఖాతా పుస్తకం రాస్తున్నాడు. పొద్దున 100, రాత్రి 250 మి.గ్రా.

ఈ ఏడు అయ్యప్ప మాల వేసుకుంటానన్నాడు. డాక్టరుగారిని అడిగితే మాత్రలు మానకుండా ఉంటే వేసుకోవచ్చన్నారు. సిగరెట్ల సంగతి మేమూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. రోజుకి పదిహేను దాకా తాగేవాడు. మాల పడిన పొద్దుటి నుంచి ఒక్కటి ముట్టలేదు. మా అమ్మ సంతోషం చెప్పలేను.

ఇవాళ్టికి పన్నెండో రోజు. ఎనిమిదో రోజు నుంచి మనిషి వేరేలా ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేపితే లేవడం లేదు. పీఠం ముందు శరణుఘోష చెబుతూ చెబుతూనే తల వాలిపోతోంది. దీక్షలో తలగడ ఉండదు కదా, చాప మీదే పడుకుంటాడు, పొద్దున చూస్తే చాప మీద అరచేయంత తడి మరక. మాట ముద్దగా వస్తోంది. నిన్న చన్నీళ్ల స్నానం చేసి లేస్తూ తూలి గోడకి కొట్టుకున్నాడు. గురుస్వామి గారేమో ఒంటిపూట భోజనం కదా, అలవాటయ్యేదాకా అంతే అంటున్నారు. అమ్మ రాత్రి మాత్ర ఒకటి తగ్గిద్దామా అంటోంది. మా డాక్టరుగారు ఊళ్లో లేరు, సోమవారం వస్తారట. అప్పటిదాకా ఆగొచ్చా?

మందులకొట్టు, గుంటూరు
శుక్రవారం రాత్రి 9:58

అక్కా, ఆగకండి. నేను పద్దెనిమిదేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను, మీరు చెప్పింది చదవగానే అర్థమైంది. ఉపవాసమూ కాదు, చలీ కాదు. సిగరెట్ మానడం వల్ల రక్తంలో క్లోజాపిన్ పెరిగిపోయింది. మాత్ర అదే, డోసు అదే, కానీ ఒంట్లో ఉన్న మందు అదే కాదు.

మీరు సొంతంగా తగ్గించొద్దు, అలాగని రోజూలాగే వేసేసి సోమవారం దాకా కూర్చోవద్దు. ఈ రాత్రి మాత్ర వేసేముందే మీ డాక్టరుగారి నంబరుకి ఫోన్ చేయండి, ఊళ్లో లేకపోయినా ఫోన్ ఎత్తుతారు. ఎత్తకపోతే ఆయన హాస్పిటల్లో డ్యూటీ డాక్టరుని అడగండి. "క్లోజాపిన్ 350, పన్నెండు రోజుల క్రితం సిగరెట్లు పూర్తిగా మానేశాడు" అని ఈ రెండు ముక్కలు కలిపి చెప్పండి, సైకియాట్రీ చదివినవాళ్లకి అంతే చాలు. పిలిస్తే పలక్కపోయినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి బరువుగా తీస్తున్నా, గుండె దడ అన్నా ఇంకెవర్నీ అడగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. టెలిమానస్ 14416 కూడా రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

గోదారక్క
శుక్రవారం రాత్రి 10:05

ఫోన్ చేస్తున్నాను. సిగరెట్‌కీ ఈ మాత్రకీ సంబంధం ఉందని ఈ రెండున్నరేళ్లలో మాకు ఒక్కరూ చెప్పలేదు.

గోదారక్క
శుక్రవారం రాత్రి 10:50

దొరికారు. ఈ రాత్రికి 250 బదులు 150 ఇమ్మన్నారు, పొద్దున మాత్ర వేయకుండా తీసుకెళ్లి రక్తం ఇమ్మన్నారు. మామూలు కౌంటు కాకుండా క్లోజాపిన్ లెవెల్ అనే టెస్టు కూడా. మనిషిని కనిపెట్టుకుని ఉండమన్నారు. నేను ఇక్కడే కూర్చుని ఉన్నాను, నిద్ర పట్టదు. అమ్మ ఒకటి అడుగుతోంది: మరి నికోటిన్ బబుల్‌గమ్ ఇస్తే లెవెల్ తగ్గుతుందా?

బెంజీన్‌రింగు, హైదరాబాద్
శుక్రవారం రాత్రి 11:20

తగ్గదు అక్కా. ఇది నికోటిన్ పని కాదు, పొగ పని. మీరు మేలుకునే ఉంటారు కాబట్టి వివరంగా రాస్తాను, నేను బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో కెమిస్టుని.

క్లోజాపిన్ పసుపుపచ్చ పొడి. అణువులో 18 కార్బన్లు, 19 హైడ్రోజన్లు, 4 నైట్రోజన్లు, ఒక్క క్లోరిన్. పేరులో క్లో అన్నది ఆ క్లోరినే. బొమ్మ గీస్తే నడుమ ఏడు పరమాణువుల రింగు, దానికి రెండు వైపులా రెండు బెంజీన్ రింగులు. ఏడు పరమాణువుల రింగు చదునుగా ఉండదు, వంగుతుంది, అందుకని మొత్తం అణువు సగం తెరిచిన పుస్తకంలా ఉంటుంది. వెనక తోకలా పిపరజీన్ అనే ఇంకో రింగు, ఆ తోక చివర నైట్రోజన్‌కి ఒక చిన్న మిథైల్ ముక్క.

ఆ మిథైల్ ముక్కని గుర్తుపెట్టుకోండి. లివర్లో సిప్1ఏ2 అనే ఎంజైమ్ దాన్ని కత్తిరిస్తుంది. కత్తిరించాక మిగిలేది నార్‌క్లోజాపిన్. ఒంట్లోంచి క్లోజాపిన్‌ని వదిలించే దారుల్లో పెద్ద దారి ఇదే. ఇప్పుడు సిగరెట్ సంగతి. పొగాకు కాలినప్పుడు వచ్చే తారులో బెంజోపైరీన్ లాంటి పదార్థాలు ఉంటాయి, బెంజీన్ రింగులు నాలుగైదు పక్కపక్కన అతుక్కున్న అణువులు. అవి లివర్ కణంలోకి వెళ్లి, ఈ విషాన్ని వదిలించుకోవడానికి సిప్1ఏ2 ఎక్కువ తయారుచేయమని జన్యువుని తట్టి లేపుతాయి. కత్తెరలు పెరుగుతాయి. ఆ కత్తెరలకి బెంజోపైరీన్ ఏది, క్లోజాపిన్ ఏది అన్న తేడా ఉండదు, క్లోజాపిన్ వచ్చినా పట్టుకుని కత్తిరిస్తాయి. అంటే మీ తమ్ముడికి ఇన్నాళ్లూ డాక్టరుగారు 350 ఇస్తుంటే, పొగ దాంట్లో మంచి వాటా తినేస్తూ వచ్చింది. డోసు సరిపెట్టిందే ఆ పొగతో కలిపి.

పొగ ఆగాక అదనపు కత్తెరలు సుమారు ఒకటిన్నర రోజుకి సగం చొప్పున తగ్గిపోతాయి. వారానికల్లా మామూలు స్థాయికి వచ్చేస్తాయి. అవి తగ్గేకొద్దీ మందు పేరుకుంటుంది. మీరు ఎనిమిదో రోజు అన్నారు చూశారా, లెక్క సరిగ్గా సరిపోయింది. సగటున లెవెల్ ఒకటిన్నర రెట్లు అవుతుంది, కొందరికి రెట్టింపు కూడా దాటుతుంది.

రోజుకి పది సిగరెట్లు చాలు ఈ ప్రభావం పూర్తిగా రావడానికి. బీడీ అయినా చుట్ట అయినా కాలితే పొగే. గమ్‌లో, ప్యాచ్‌లో పొగ లేదు కాబట్టి లెవెల్ మీద ప్రభావం లేదు. సిగరెట్ మానాలనే కోరికకి సాయంగా గమ్ మంచిదే, అది డాక్టరుగారితో మాట్లాడి వాడుకోవచ్చు.

సింహాచలం సిస్టర్, విశాఖపట్నం
శనివారం ఉదయం 6:30

అమ్మా, రాత్రి ఎలా గడిచింది? నేను మానసిక వైద్య విభాగంలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. వార్డులో ఇది కళ్లారా చూశాం. అడ్మిట్ చేసుకుంటే లోపల సిగరెట్ ఉండదు, రెండో వారానికి పేషెంటు మత్తుగా ఉంటాడు, డోసు తగ్గిస్తారు, నెమ్మదిస్తాడు. ఇంటికి పంపిస్తాం. బస్టాండులోనే సిగరెట్ వెలిగిస్తాడు. మూడు వారాల తర్వాత పాత భయాలన్నీ తిరిగొచ్చి మళ్లీ మా గుమ్మం ఎక్కుతాడు. మాత్రలు మింగడం లేదని ఇంట్లోవాళ్లు వాణ్ణి కొట్టినంత పని చేసేవాళ్లు. వాడు ఒట్టేసి చెప్పేవాడు మింగానని. నిజంగానే మింగేవాడు.

తూలి పడడం గురించి: ఈ మందు ఆల్ఫా1 అనే రిసెప్టర్లని, అంటే కణాల మీద రసాయన కబుర్లు అందుకునే చోట్లని, అడ్డుకుంటుంది, లేచి నిలబడినప్పుడు రక్తనాళాలు వెంటనే బిగుసుకోవు, బీపీ పడిపోతుంది. పైగా ఒంటిపూట తిండి, నీళ్లు తక్కువ. బాబుని కూర్చుని స్నానం చేయమనండి, లేచేముందు ఒక నిమిషం ఆగమనండి.

ఇంకొకటి, ఇది మొహమాటం లేకుండా అడుగుతున్నాను. విరేచనం అవుతోందా? ఎన్ని రోజులకి ఒకసారి?

గోదారక్క
శనివారం ఉదయం 7:15

మామూలుగానే నిద్రలేచాడు సిస్టర్ గారూ, కాఫీ అడిగాడు. రక్తం ఇవ్వడానికి బయల్దేరుతున్నాం. మీరడిగింది వాణ్ణి అడిగాను, నాలుగు రోజులైందట. ఎవరికీ చెప్పలేదు, దీక్షలో ఇలాంటివి మాట్లాడకూడదనుకున్నాడట.

సింహాచలం సిస్టర్
శనివారం ఉదయం 7:22

ఇది ఇవాళే డాక్టరుకి చెప్పండి. జనం క్లోజాపిన్ అనగానే తెల్ల రక్తకణాలు పడిపోతాయని భయపడతారు, ఆ భయం ఉండాల్సిందే, కానీ నేను చూసిన ప్రమాదాల్లో పేగు కదలకుండా ఆగిపోవడం చాలా పెద్దది. ఈ మందు మస్కరినిక్ రిసెప్టర్లని అడ్డుకుంటుంది, పేగుల కదలిక బాగా మందగిస్తుంది, కొందరికి పేగే స్తంభించిపోతుంది. పొట్ట ఉబ్బడం, వాంతి, గట్టి నొప్పి, ఈ మూడిట్లో ఏది ఉన్నా ఆలస్యం చేయకూడదు. లెవెల్ పెరిగితే ఇదీ పెరుగుతుంది. అరటిపండుతో సరిపెట్టే మలబద్ధకం కాదు ఇది, విరేచనానికి మందు రాసిస్తారు, రోజూ వాడాలి. నా డ్యూటీలో రోజూ పొద్దున క్లోజాపిన్ వాళ్లందర్నీ అడిగి కాగితం మీద టిక్కు పెట్టేదాన్ని. సిగ్గుపడేవాళ్లు మొదట్లో. తర్వాత నన్ను చూడగానే వాళ్లే చెప్పేవాళ్లు.

తమ్మిలేరు
శనివారం ఉదయం 10:10

అక్క గారి బాధ అర్థమవుతోంది, కానీ ఒక్క మాట అడుగుతాను. ఇవన్నీ మనిషిని మొద్దుబార్చే మందులే కదా? మా చిన్నాన్నకి పాతికేళ్ల కిందట ఇలాంటి మందులే ఇచ్చారు. చేతులు వణికేవి, నడిస్తే కొయ్యబొమ్మలా నడిచేవాడు, ముఖంలో నవ్వు లేదు ఏడుపు లేదు. అలా బతికించడం కంటే మందు మానేసిన రోజులే ఆయన ఆయనలా ఉన్నాడు. ఇంత ప్రమాదం ఉన్న మందు ఎందుకు ఇస్తారసలు?

ఓరుగల్లు మాస్టారు, హనుమకొండ
శనివారం మధ్యాహ్నం 1:35

బాబూ, మీ చిన్నాన్నగారికి జరిగింది నిజం, దాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు. నేను ఫార్మకాలజీ చెప్పినవాణ్ణి, మీ ప్రశ్నకి జవాబు ఈ మందు చరిత్రలోనే ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

భ్రమలు తగ్గించే మందుల్ని యాంటీసైకోటిక్ అంటారు, వాటిలో మొదటిది క్లోర్‌ప్రోమజీన్. ఫ్రాన్స్‌లో 1950 డిసెంబరులో తయారైంది, 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే ఇద్దరు డాక్టర్లు మానసిక రోగులకి వాడి ఫలితం చూశారు. తర్వాత 1958లో బెల్జియంలో హాలోపెరిడాల్ వచ్చింది. ఇవి మెదడులో కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2 రిసెప్టర్లని గట్టిగా పట్టుకుంటాయి. మెదడులో ఆ రిసెప్టర్లు 65 శాతం దాకా నిండితే భ్రమలు తగ్గడం మొదలవుతుంది, 80 శాతానికి దగ్గరైతే పార్కిన్సన్ జబ్బులాంటి బిగుతు, వణుకు వస్తాయి. ఆ రెంటికీ మధ్య జాగా చాలా ఇరుకు. మీ చిన్నాన్నగారి కొయ్యనడక అక్కణ్నుంచి వచ్చింది. ఆ కాలపు డాక్టర్లలో చాలామంది బిగుతు రానిదే మందు పనిచేయనట్టు అనుకునేవారు.

అదే 1958లో స్విట్జర్లాండ్‌లో బెర్న్ నగరంలో వాండర్ అనే కంపెనీ క్లోజాపిన్ తయారుచేసింది. ఎలుకలకి ఇచ్చి చూస్తే అవి బిగుసుకుపోలేదు. అప్పటి లెక్క ప్రకారం అది యాంటీసైకోటిక్ కానే కాదు. కానీ మనుషులకి ఇస్తే భ్రమలు తగ్గాయి, చేతులు వణకలేదు. ఇది కొరుకుడు పడక చాలా ఏళ్లు నానబెట్టి 1970ల మొదట్లో యూరప్‌లో అమ్మకానికి పెట్టారు. 1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వాడినవాళ్లలో కొందరికి తెల్ల రక్తకణాలు పూర్తిగా పడిపోయాయి, 8 మంది ఇన్‌ఫెక్షన్లతో చనిపోయారు. చాలా దేశాల్లో మందు ఆపేశారు.

ఆపేశాక తెలిసింది ఇంకో సంగతి. బాగుపడినవాళ్లు కొందరు ఏ ఇతర మందుకీ లొంగకుండా మళ్లీ జబ్బులో పడిపోయారు. వాళ్ల డాక్టర్లు వదల్లేదు. చివరికి అమెరికాలో జాన్ కేన్ బృందం వేరే మందులకి లొంగని 268 మందిని తీసుకుని, సగం మందికి క్లోజాపిన్, సగం మందికి క్లోర్‌ప్రోమజీన్ ఆరు వారాలు ఇచ్చింది. 1988లో ఫలితం ప్రచురించారు. క్లోర్‌ప్రోమజీన్‌తో 4 శాతం మంది మెరుగుపడితే క్లోజాపిన్‌తో 30 శాతం. అన్ని దారులూ మూసుకుపోయినవాళ్లలో 30 శాతం అంటే మామూలు సంగతి కాదు. 1989లో అమెరికా అనుమతించింది, రక్తపరీక్ష తప్పనిసరి చేసి. ఆత్మహత్య ప్రమాదం తగ్గించడానికి అని ప్రత్యేకంగా అనుమతి పొందింది కూడా ఈ మందే, 2002లో.

బిగుతు ఎందుకు రాదంటే, క్లోజాపిన్ డీ2 రిసెప్టర్‌ని హాలోపెరిడాల్‌లా పట్టుకుని వేలాడదు. వదులుగా పట్టుకుంటుంది, డోపమైన్ వస్తే తొందరగా జరిగి చోటిస్తుంది. పూర్తి డోసులో కూడా డీ2 రిసెప్టర్లు సగానికి అటూఇటుగానే నిండుతాయి. దానితోపాటు సెరటోనిన్ 5-హెచ్‌టీ2ఏ, డీ4, హిస్టమిన్ హెచ్1, ఆల్ఫా1, మస్కరినిక్, ఇలా చాలాచోట్ల చేయి పెడుతుంది. హెచ్1 వల్ల నిద్ర, ఆకలి, బరువు. ఆల్ఫా1 వల్ల సిస్టర్ గారు చెప్పిన తూలుడు. మిగతా మందులకి లొంగనివాళ్లకి ఇదెందుకు పనిచేస్తుందన్నది ఒక్క డోపమైన్ లెక్కతో తేలదు, నేను పాఠం చెప్పిన అన్నేళ్లూ పిల్లలకి ఆ మాటే చెప్పాను.

అందుకే దీన్ని మొదటి మందుగా ఇవ్వరు. రెండు వేరే మందులు సరైన డోసులో సరిపడినన్ని వారాలు వాడి, ఫలితం లేదని తేలాకే ఇస్తారు. నా బాధ ఏంటంటే మన దగ్గర రెండు కాదు, నాలుగైదు మందులు మార్చి మార్చి, ఐదారేళ్లు పోగొట్టాక దీని దగ్గరికి వస్తున్నారు. ఆ ఏళ్లు తిరిగి రావు.

తమ్మిలేరు
శనివారం మధ్యాహ్నం 2:20

మాస్టారూ, రెండుసార్లు చదివాను. మా చిన్నాన్నకి ఇచ్చింది హాలోపెరిడాల్ అని పిన్ని చెప్పింది ఇప్పుడే ఫోన్‌లో. ఆయన లేరు ఇప్పుడు. ఎవరూ మాకు ఇలా కూర్చోబెట్టి చెప్పలేదు.

ఆకుపసరు, కర్నూలు
శనివారం సాయంత్రం 5:00

పెద్దలు తప్పుగా అనుకోవద్దు. సర్పగంధ వేరుకి ఉన్మాదం తగ్గించే గుణం ఉందని మా తాతగారు చెప్పేవారు. ఇన్ని టెస్టుల గోల లేకుండా అది వాడితే?

ఓరుగల్లు మాస్టారు
శనివారం సాయంత్రం 6:15

మీ తాతగారు చెప్పింది కట్టుకథ కాదు. 1931లోనే కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధ గురించి రాశారు, ఉన్మాదానికీ బీపీకీ పనిచేస్తుందని. 1952లో ఆ వేరు నుంచి రెసర్పిన్ వేరుచేశారు. కొన్నేళ్లు ప్రపంచమంతా మానసిక రోగులకి వాడారు. అది రిసెప్టర్‌ని అడ్డుకోదు, నరాల చివర్లలో డోపమైన్ దాచుకునే సంచుల్నే ఖాళీ చేసేస్తుంది. బీపీ బాగా పడిపోతుంది, మనిషి దిగులులోకి జారిపోతాడు, వణుకూ వస్తుంది. అందుకే దాన్ని వదిలేశారు. ఇప్పటికే క్లోజాపిన్‌తో తూలుతున్న అబ్బాయికి అది తోడైతే ఏమవుతుందో ఆలోచించండి. గోదారక్క గారూ, ఎవరు తెచ్చిచ్చినా దయచేసి కలపవద్దు.

డల్లాస్ నాన్న
ఆదివారం ఉదయం 8:45

మా అబ్బాయి ఆరేళ్లుగా క్లోజాపిన్ మీద ఉన్నాడు. టెస్టుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఇక్కడ మొదటి ఆరు నెలలు ప్రతివారం, తర్వాత ఆరు నెలలు రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి రక్తం. కౌంటు ఆన్‌లైన్‌లో ఎక్కించకపోతే ఫార్మసీ మందు ఇచ్చేది కాదు. మంచుతుఫానుకి ల్యాబ్ మూసేస్తే మందు లేకుండా పోతుందేమోనని ఎన్ని రాత్రులు భయపడ్డామో. 2025లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ నిర్బంధాన్ని ఎత్తేసింది. టెస్టు చేయించమనే చెబుతున్నారు, కానీ కాగితం లేదని మందు ఆపడం పోయింది. ఆ వార్త వచ్చిన రోజు నేనూ నా భార్యా చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాం.

చొంగ గురించి: మా వాడు తలగడ మీద తువ్వాలు పరుచుకుంటాడు, పక్కకి తిరిగి పడుకుంటాడు. నోరు ఎండించాల్సిన మందు చొంగ ఎందుకు కారుస్తుందో మాకిప్పటికీ వింతే.

బెంజీన్‌రింగు
ఆదివారం ఉదయం 9:30

మస్కరినిక్ రిసెప్టర్లలో ఐదు రకాలు ఉన్నాయి సార్. కొన్నిటిని క్లోజాపిన్ అడ్డుకుంటుంది, ఎం4ని మాత్రం కొంత ఉసిగొల్పుతుంది. నార్‌క్లోజాపిన్ ఎం1ని కూడా కదిలిస్తుంది. లాలాజలం ఊరడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి. దానికి తోడు నిద్రలో మింగడం మందగిస్తుంది, ఊరింది ఊరినట్టే బయటికి వస్తుంది. కంటిలో వేసే అట్రోపిన్ చుక్కల్ని నాలుక కింద వేయమని కొందరు డాక్టర్లు చెబుతారు, అయితే అదీ పేగుల్ని నెమ్మదింపజేసే జాతిదే, అడగకుండా వాడకూడదు.

ఒలాంజపిన్, క్లోజాపిన్ ఒకటేనా అని కొందరికి అనుమానం రావచ్చు. ఒకటి కాదు, చుట్టాలు. క్లోరిన్ లేని బెంజీన్ రింగు తీసేసి ఆ చోట మిథైల్ ముక్క తగిలించిన, గంధకం ఉన్న థయోఫిన్ రింగు పెట్టి, రెండో రింగు మీది క్లోరిన్‌ని కూడా తీసేస్తే ఒలాంజపిన్ వస్తుంది. క్లోజాపిన్ మంచి ఉంచి రక్తం ప్రమాదం తీసేయాలని చేసిన ప్రయత్నం అది, 1996లో వచ్చింది. రక్తం ప్రమాదం చాలావరకు పోయింది. లొంగని జబ్బు మీద ఆ బలం మాత్రం అంతగా రాలేదు. గోదారక్క గారి తమ్ముడే సాక్ష్యం.

కణాలు ఎందుకు పడిపోతాయన్నదీ రసాయనమే. తెల్ల కణాలు సూక్ష్మజీవుల్ని చంపడానికి మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ దాచుకుంటాయి. అది క్లోజాపిన్ మీద పడితే నైట్రీనియం అయాన్ అనే చురుకైన రూపం పుడుతుంది, అది కణంలోని ప్రొటీన్లకి అతుక్కుంటుంది. కొందరి ఒళ్లు దాన్ని శత్రువు అనుకుని తన కణాల మీదే దాడి చేస్తుందని అనుకుంటున్నారు. నూటికి ఒకరికి మించదు, అదీ ఎక్కువగా మొదటి 18 వారాల్లోనే.

మందులకొట్టు
ఆదివారం ఉదయం 11:05

ఇంటి దగ్గర చూసుకోవడానికి ఒక లెక్క చెబుతాను. రిపోర్టులో తెల్ల కణాల టోటల్ కౌంట్, పక్కన వాటిలో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ శాతం ఉంటాయి. టోటల్ 6200, న్యూట్రోఫిల్స్ 58 శాతం అనుకోండి. 6200ని 58తో హెచ్చవేసి 100తో భాగిస్తే 3596. అదీ మనకి కావలసిన అంకె. 1500 పైన ఉండాలి. అంతకన్నా తగ్గితే డాక్టరుకి అదే రోజు చెప్పాలి, 500 దిగితే ప్రాణం మీదికి వచ్చినట్టే. జ్వరం, గొంతునొప్పి వస్తే నెల టెస్టు దాకా ఆగకూడదు, ఆ రోజే కౌంటు.

జ్వరానికి ఇంకో కోణం ఉంది. గట్టి ఇన్‌ఫెక్షన్ వస్తే సిప్1ఏ2 దానంతటదే మందగిస్తుంది, లెవెల్ పెరుగుతుంది. దాని మీద మా షాపుకి వచ్చి సిప్రోఫ్లాక్సాసిన్ ఇవ్వు అంటారు, విరేచనాలకీ మూత్రంలో మంటకీ అందరికీ అలవాటైన మందు. అది కూడా సిప్1ఏ2ని అడ్డుకునేదే. ఫ్లూవోక్సమిన్ అనే డిప్రెషన్ మందయితే లెవెల్‌ని ఎన్నో రెట్లు పెంచేస్తుంది. అందుకే నేను ఏ యాంటీబయాటిక్ అడిగినా ముందు ఇంట్లో ఎవరు ఏం వాడుతున్నారని అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

కాఫీ కూడా అదే ఎంజైమ్ మీద పోటీకి వస్తుంది. రోజూ తాగేంత తాగితే పర్లేదు, ఒక్కసారిగా మానినా, ఒక్కసారిగా ఆరేడు గ్లాసులకి పెంచినా తేడా వస్తుంది.

గోదారక్క
గురువారం సాయంత్రం 7:10

ఐదు రోజులుగా రాయలేకపోయాను, క్షమించండి. లెవెల్ రిపోర్టు వచ్చింది. ఏడాది క్రితం చేయించినప్పుడు మిల్లీలీటరు రక్తానికి 410 నానోగ్రాములు, ఇప్పుడు 890. 350 పైన ఉంటే పనిచేస్తుందనీ, ఇంత పైకి పోతే ఫిట్స్ భయం అనీ డాక్టరుగారు చెప్పారు. న్యూట్రోఫిల్స్ మందులకొట్టు గారి లెక్కలో చూసుకున్నాను, 4100. ప్రస్తుతానికి పొద్దున 50, రాత్రి 150. వచ్చే వారం మళ్లీ లెవెల్. విరేచనానికి రోజూ ఒక పొడి రాశారు. చాప మీద మరక చిన్నదైంది. మొన్న తెల్లవారుజామున తనే లేచి నన్ను లేపాడు.

ఇంకో భయం ఉంది. కొండకి రైల్లో వెళ్తారు, రానూపోనూ ఐదారు రోజులు. మాత్రలు ఒకవేళ పోతే?

సింహాచలం సిస్టర్
గురువారం సాయంత్రం 7:45

చాలా సంతోషం తల్లీ. మాత్రలు రెండు భాగాలు చేయండి, ఒకటి స్వామి జేబులో, ఒకటి గురుస్వామి గారి సంచిలో, చీటీ ఫోటో ఫోన్‌లో. 48 గంటలు దాటి మానితే మళ్లీ పాత డోసు ఒకేసారి వేయకూడదు, గుండె, బీపీ తట్టుకోవు. 12.5 మి.గ్రా. నుంచి మెట్టు మెట్టుగా ఎక్కాలి, అందుకని ఎక్కడున్నా ముందు ఫోన్ చేయాలి. కొండెక్కేటప్పుడు నీళ్లు బాగా తాగమనండి.

మాల తీశాక సిగరెట్ సంగతి డాక్టరుగారితో ఇప్పుడే మాట్లాడారా?

గోదారక్క
గురువారం రాత్రి 8:30

మాట్లాడాం. చీటీ మీద పెద్ద అక్షరాలతో "సిగరెట్ మొదలుపెడితే అదే రోజు ఫోన్ చేయాలి, తిట్టను" అని రాసిచ్చారు. దాన్ని ఖాతా పుస్తకం అట్ట లోపల అంటించాడు. ఇదంతా వాడికి చదివి వినిపించాను, తనూ రాస్తానన్నాడు, ఫోన్ ఇస్తున్నాను.

గోదారక్క
గురువారం రాత్రి 8:52

స్వామి శరణం. నేను ఆ తమ్ముణ్ణి. అందరికీ నమస్కారం. అక్క రాసిందాంట్లో ఒకటి తప్పు ఉంది. రోజుకి పదిహేను కాదు. ఇంట్లో పదిహేను, కొట్టు వెనక ఇంకో ఎనిమిది, తొమ్మిది. ఇవాళ డాక్టరుగారికి చెప్పాను. ఆయన రాసుకున్నారు.

మొద్దుబారుస్తుందా అని ఒకరు అడిగారు. మత్తు ఎక్కువైన ఆ వారం అలాగే ఉండింది, శరణుఘోషలో తర్వాతి మాట ఏంటో గుర్తొచ్చేది కాదు, భయమేసింది. కానీ క్లోజాపిన్‌కి ముందు నాకు గోడ అవతల మాటలు ఇరవై నాలుగ్గంటలూ వినపడేవి. ఇప్పుడు ఎప్పుడైనా సాయంత్రం పూట పక్కవీధిలో టీవీలా వినపడతాయి, నేను లెక్క రాసుకుంటూ ఉంటే పోతాయి. మీ చిన్నాన్నగారి గురించి చదివి బాధేసింది అన్నా.

వచ్చే బుధవారం పొద్దున లెవెల్ టెస్టు. ముందురోజు రాత్రి మాత్ర ఎనిమిదింటికి వేసుకుని, పొద్దున ఎనిమిదింటికి రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర వేసుకోవాలట, పన్నెండు గంటల లెక్క. అలారం పెట్టాను.